నాపబండల పెరడు

“గోడ ఈడి నుంచి ఆడికి రావాల,” అన్నాడు నాగార్జున, వంటింటి మూల నుంచి వెనక ప్రహరీ దాకా వేలు చూపిస్తూ. “ఆరడుగుల ఎత్తు. ఇటుపక్క పిల్లోళ్లు, అటుపక్క కుక్క. మధ్యలో తలుపు కూడా వద్దు మేస్త్రీ.”

ప్రేమయ్య తలూపాడు గానీ అతని చూపు నేల మీదే ఉంది. రెండేళ్ల కిందట తన చేత్తో పరిచిన నల్ల నాపబండలు. ఒక్కటీ కుంగలేదు, ఒక్కటీ పైకి లేవలేదు. బండకూ బండకూ మధ్య సందు పెన్సిలు గీతంత. తూర్పు మూలన చెంబెడు నీళ్లు పోస్తే పడమటి తూము దాకా ఎక్కడా నిలవకుండా పోయే వాటం. వేంపల్లెలో నువ్వు చేసిన పనుల్లో ఏది బాగా కుదిరిందని ఎవరైనా అడిగితే అతను ఈ పెరడే చెప్పేవాడు. ఇప్పుడు దాని నడుమ గోడ లేపాలి. అందుకోసం ఒక వరుస బండల్ని పెరకాలి.

అటుపక్క మూలన ఇనప కొక్కేనికి కట్టేసిన కుక్క లేచి నిలబడి అతన్నే చూస్తోంది. గోధుమరంగు ఒళ్లు, తెల్ల మూతి. పేరు మోతీ. మూడేళ్ల కిందట వానలో తడుస్తున్న కూనను నాగార్జున తల్లి మల్లక్క కొంగులో చుట్టుకొని తెచ్చి సాకింది. పోయిన వారం మిట్టమధ్యాహ్నం అది నాగార్జున కొడుకు మునీంద్ర చెయ్యి కరిచింది. వాడికి ఇంకా మూడేళ్లు నిండలేదు. అరచేతిలో రెండు పళ్లు దిగాయి. ప్రభుత్వాసుపత్రిలో సూదులు వేయిస్తున్నారు. కుక్కకు టీకాలన్నీ వేయించే ఉన్నాయి కాబట్టి భయం లేదు, అయినా పది దినాలు కట్టేసి చూడండని పశువుల డాక్టరు చెప్పాడు. కుక్కను ఎక్కడైనా వదిలేసి రమ్మని నాగార్జున భార్య పద్మశ్రీ పట్టుబట్టింది. ఇన్నేళ్లలో అది ఎవరినీ ఒక గీరు గీరలేదని మల్లక్క వాదించింది. ఇద్దరిలో ఎవరికీ కాదని చెప్పలేక నాగార్జున గోడ అనుకున్నాడు. కుక్కకు వెనక సందులోని గేటు నుంచి తిండి పెడతారట.

ఇదంతా నాగార్జునే చెప్పి, చీరల అంగడి తెరవాలని వెళ్లిపోయాడు.

ప్రేమయ్య దారం కట్టి గుర్తు పెట్టుకున్నాడు. అతని భార్య ఏసుమణి చెప్పులు మెట్టు దగ్గర విడిచి, చీర కుచ్చెళ్లు ఎగదోపి గడ్డపార అందుకుంది. పెళ్లయినప్పటి నుంచి ఇద్దరూ కలిసే పనికి పోతారు. అతను బండ అంచును వెతికి ఉలి పెడితే, ఆమె గడ్డపార మొన దూర్చి మెల్లగా ఎత్తుతుంది. మొదటి బండ పావుగంట రాలేదు. సిమెంటు అంత గట్టిగా పట్టింది. చివరికి కదిలినప్పుడు మూల విరిగింది. ప్రేమయ్య ఆ ముక్కను చేతిలోకి తీసుకొని పక్కన పెట్టాడు.

పదకొండు గంటలకు ఎనిమిది బండలు పైకి వచ్చాయి. కింద ఎర్రమట్టి ఇంకా చెమ్మగా ఉంది. తవ్వడానికి వీలుగా ఏసుమణి నాలుగు బిందెల నీళ్లు పోసింది. మోకాలి లోతున, రెండడుగుల వెడల్పున పునాది గుంత ఒక కొలిక్కి వచ్చేసరికి ఎండ నెత్తి మీదికి ఎక్కింది. ఏప్రిల్ మొదటి వారమే అయినా గాలి పొయ్యి నోటి దగ్గరి గాలిలా ఉంది. పొద్దున వెనక గోడ వేసిన నీడ కూడా కరిగిపోయి కుక్క ఎండలో పడింది. అది పడుకోలేదు. నిలబడి ఒక కాలు ఎత్తేది, దించేది, ఇంకో కాలు ఎత్తేది. చిందులేస్తోందే అని ప్రేమయ్య నవ్వాడు. ఏసుమణి నవ్వలేదు. మెట్టు దాకా వెళ్లి చెప్పులు వేసుకొని వచ్చింది.

ఇద్దరూ వెనక పంచలో కూర్చొని సద్దిగిన్నె విప్పుకున్నారు. ఇంట్లో నుంచి కుట్టు మిషన్ చప్పుడు వస్తోంది. పద్మశ్రీ రవికలు కుడుతుంది. బడులు ఒంటిపూట కావడంతో పెద్దపిల్ల చౌడేశ్వరి అప్పుడే వచ్చి అవ్వ దగ్గర అన్నం తింటోంది. పెరట్లో గొలుసు ఈడ్చిన చప్పుడైంది. మోతీ గుంత దాకా వచ్చి, అంచున ఒకసారి వాసన చూసి, మెల్లగా లోపలికి దిగింది. తడిమట్టిలో పొట్ట ఆనించి పడుకొని కళ్లు మూసుకుంది.

“పండుకోనీలే,” అంది ఏసుమణి.

అంతలో వంటింటి తలుపు సందులోంచి పిల్లవాడు బయటికి వచ్చాడు. ఒంటి మీద చొక్కా తప్ప ఏమీ లేదు, కాళ్లకు చెప్పులు లేవు. మూడడుగులు పరుగెత్తాడు. నాలుగో అడుగుకు ఆగి కెవ్వుమన్నాడు. వెనక్కి చూశాడు, తలుపు దూరంగా ఉంది. ఎదురుగా నల్లబండల మధ్య ఎర్రగా మట్టి కనపడింది. ఏడుస్తూనే అటు పరుగెత్తి గుంతలోకి జారాడు.

ప్రేమయ్య ఎంగిలి చేత్తోనే లేచాడు. అతను గుంత దగ్గరికి వచ్చేసరికి పిల్లవాడికీ కుక్కకూ మధ్య మూరెడు ఎడం లేదు. కుక్క అరవలేదు. వెనక్కి వెనక్కి జరిగింది. గొలుసు బిగిసి ఇక జరగలేనప్పుడు ముందుకాళ్లు పొట్ట కిందికి ముడుచుకొని మొహం గుంత గోడ వైపు తిప్పుకుంది. పిల్లవాడు పాదాలు తడిమట్టిలో పెట్టుకొని కూర్చున్నాడు. ఏడుపు ఎక్కిళ్లయింది, ఎక్కిళ్లు ఆగిపోయాయి. కాసేపు వాడూ అదీ అలాగే ఉన్నారు. ప్రేమయ్యకు వాడిని ఎత్తుకోవాలని తోచలేదు.

అప్పుడు పిల్లవాడు చెయ్యి చాపి, బయటికి కనపడుతున్న కుక్క కాలు పట్టుకున్నాడు. కుక్క గుర్రుమంది. ప్రేమయ్య ఒక్క ఊపున వాడిని చంకలోకి లాక్కున్నాడు. మిషన్ ఆపి పరుగున వచ్చిన పద్మశ్రీ చూసింది ఆ చివరి ముక్క ఒక్కటే. గుంతలో పళ్లు బయటపెట్టిన కుక్క, పైన మేస్త్రీ చేతుల్లో కొడుకు.

ఆమె పిల్లవాడిని లాక్కొని గుండెకు అదుముకొని లోపలికి వెళ్లిపోయింది. వాడి పాదాలు ప్రేమయ్య చేతుల్లో ఉన్నది ఒక్క క్షణమే అయినా, అరికాళ్లు ఎర్రగా కంది ఉండడం అతను చూశాడు. గుంతలో కుక్క ముందుకాలు నాకుతోంది. నాకుతున్న చోట నల్లటి మెత్త చర్మం పొర లేచిపోయి, లోపల గులాబీరంగున పచ్చిగా ఉంది. రెండో కాలూ అంతే. ప్రేమయ్య చెయ్యి దానంతట అదే పక్కనున్న బండ మీద ఆనింది, వెంటనే పైకి లేచింది.

పోయిన వారం కరిచింది కూడా ఈ పొద్దప్పుడే. అప్పుడు కూడా పిల్లవాడు పట్టుకున్నది దాని కాలేనేమో.

అతను అక్కడే నిలబడి ఉండగా పద్మశ్రీ స్టీలు గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. 

“నువ్వు ల్యాకుంటే ఈ పొద్దు నా బిడ్డ ఏమైపోయేవాడోన్నా,” అంది.

చెప్పాల్సింది అప్పుడే. ప్రేమయ్య గ్లాసు తీసుకొని తాగాడు. ఉప్పు, అల్లం వేసిన చల్లటి మజ్జిగ. అడుగుదాకా తాగి, గ్లాసు కడిగి మెట్టు మీద బోర్లించాడు.

సాయంత్రం నాగార్జున అంగడి వదిలి ముందుగానే వచ్చాడు. గోడ అక్కరలేదన్నాడు. యర్రగుంట్ల పక్క బండల గనిలో కావలి ఉండే మనిషితో మాట్లాడాడట, ఆదివారం సాయంత్రం వచ్చి కుక్కను తీసుకుపోతాడట. గుంత పూడ్చి బండలు ఎలా ఉన్నవి అలా పరిచేస్తే చాలన్నాడు. మేస్త్రీ చేసిన మేలు మరిచిపోనని కూడా అన్నాడు. మల్లక్క తొట్టి దగ్గర కూర్చొని కుక్క గిన్నె కడుగుతోంది. కడిగిన గిన్నెనే మళ్లీ బూడిద వేసి తోముతోంది.

వాళ్ల పల్లె వేంపల్లెకు నాలుగు మైళ్లు. ఇద్దరూ మొపెడ్ మీద ఇంటికి చేరారు. చీకటి పడక ముందే ఏసుమణి వాకిట్లో పొయ్యి ముట్టించింది. ప్రేమయ్య గట్టున కూర్చొని తాపీకి అంటిన సిమెంటు గీకుతున్నాడు. గనిలో కుక్కల సంగతి ఇద్దరికీ తెలుసు. అక్కడ చెట్టన్నది ఉండదు. పేలిన రాతి ముక్కలు, లారీలు. ఎండాకాలం దాటిన కుక్కను వాళ్లు ఎప్పుడూ చూడలేదు.

“ఆ కుక్క కాళ్లు సూసినావు కదా,” అంది ఏసుమణి.

అతను తాపీ గీకుతూనే, పరచమన్నారు గాబట్టి పరిచానని, ఎండకు బండ కాలకుండా ఎలా ఉంటుందని, పగలంతా కుక్కను దాని మీద కట్టెయ్యమని తను చెప్పలేదని విసుగ్గా అన్నాడు. మట్టికాళ్లతో తిరిగితే బండల మీద మరకలవుతాయని వాళ్లే కట్టేసుకున్నారన్నాడు.

“పరచమన్న్యారు, నిజమే,” అంది ఆమె. “గానుగచెట్టు కొట్టమనింది మాత్రం నువ్వే.”

ప్రేమయ్య గీకడం ఆపాడు. పెరటి నడుమ ఉండేది ఆ చెట్టు. వేర్లు బండల్ని లేపుతాయని కొట్టించాడు. మల్లక్క రెండుసార్లు అడిగింది, చుట్టూ మూడడుగులు వదిలేయకూడదా మేస్త్రీ అని. వదిలితే వరుస చెడుతుందని చెప్పాడు. మూడోసారి ఆమె అడగలేదు.

శనివారం పొద్దున్నే వచ్చి పని మొదలుపెట్టారు. గుంత పూడ్చి దిమ్మిసతో కొట్టి, ఇసుక పరిచి, విరిగిన మూల గోడ వైపు వచ్చేలా మొదటి బండను తిప్పి పెట్టాడు. రెండో బండ, మూడో బండ. అతని చేతికి అలవాటైన పని, ఆలోచన అక్కరలేదు. పొద్దెక్కేకొద్దీ పక్కనున్న పాత బండలు వేడెక్కాయి. మోతీ గొలుసు ఈడ్చుకుంటూ వచ్చి, ఇంకా కప్పని మట్టి మీద పడుకుంది. ఐదో బండ తెచ్చినప్పుడు లేచి అవతలికి జరిగింది. ఆరో బండకూ జరిగింది. ఏడో బండ కుదిరేసరికి మిగిలింది ఒక్క బండంత జాగా. అందులో అది ముడుచుకొని, తోక కూడా ఒంటి కిందికి లాక్కొని పడుకుంది.

ప్రేమయ్య ఎనిమిదో బండ ఎత్తి తొడలకు ఆనించుకొని నిలబడ్డాడు. బండ వెయ్యాలంటే కుక్కను లేపాలి. “లెయ్ లెయ్” అన్నాడు. కుక్క లేవలేదు. తల ఎత్తి అతన్ని చూసి, మళ్లీ గడ్డం మట్టి మీద పెట్టుకుంది. ఏసుమణి ఇసుక బొచ్చె పట్టుకొని ఎదురుగా ఉంది. అతన్నే చూస్తోంది. 

అతను బండను తీసుకుపోయి గోడకు ఆనించాడు. చేతులు దులుపుకొని వంటింటి తలుపు దగ్గరికి వెళ్లి పిలిచాడు.

“పద్మమ్మా, ఒక్కసారి బయటికి రావాల.”

ఆమె టేపు మెడలో వేసుకొనే వచ్చింది. వెనకే మల్లక్క కూడా వచ్చి గడప మీద నిలబడింది. ప్రేమయ్యకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ముందు పిల్లవాడి కాళ్ల సంగతి చెప్పాడు. వాడు కుక్క కోసం గుంతలోకి పోలేదని, కాళ్లు కాలి మట్టి కోసం పోయాడని. కుక్క కూడా అందుకే పోయిందని. అది పిల్లవాడిని చూసి ముందు తానే తప్పుకుందని, పుండు పడిన కాలు పట్టుకున్నాకే గుర్రుమందని. నిన్న మజ్జిగ తాగుతున్నప్పుడే ఇది చెప్పాల్సిందని.

“అంతా నేను పరిచిన బండలమ్మా,” అన్నాడు.

పద్మశ్రీ నమ్మినట్టు లేదు. మల్లక్క మెల్లగా మెట్లు దిగి వచ్చి, మోకాళ్ల నొప్పితోనే మట్టి పక్కన కూలబడి మోతీ ముందుకాలు తన అరచేతిలోకి తీసుకుంది. కుక్క ఒకసారి లాక్కోబోయి ఊరుకుంది. ఆమె ఆ కాలును కోడలి వైపు తిప్పి పట్టుకుంది. 

పద్మశ్రీ వంగి చూసింది. చాలాసేపు చూసింది.

“వారం నుంచి దీనికి నీళ్లు పెడతాండేది నేనే,” అంది చివరికి. “గిన్నె దూరంగా పెట్టి, కట్టెతో నెట్టి పోతాండా. మొహం కూడా సూడల్యా.” తర్వాత గొంతు మార్చి ప్రేమయ్యను అడిగింది. “మట్టి పోస్తే, నీడ వేస్తే, మళ్లీ కరవదని నువ్వు చెప్తావాన్నా?”

“చెప్పలేనమ్మా. అది నోరుండే జంతువు. నొప్పి పుట్టకుండా సూడొచ్చు. ఎవురూ పట్టుకోకుండా పారిపోను దానికొక జాగా ఇయ్యొచ్చు. అంతకు మించి చెప్తే అబద్ధమైతాది.”

ఆ జవాబు విన్నాక ఆమె కాస్త నెమ్మదించింది. కరవదంటే కరవదు అని అతను గట్టిగా చెప్పి ఉంటే బహుశా ఆమె లోపలికి వెళ్లిపోయేది.

అన్నానికి వచ్చిన నాగార్జున సంగతంతా విని తల పట్టుకున్నాడు. ఇంత మంచి బండలు పెరికితే చూసినవాళ్లు ఏమంటారన్నాడు. గని మనిషికి మాట ఇచ్చానన్నాడు. రెండేళ్ల కిందట ఇదే మేస్త్రీ, ఈ బండలు పరిస్తే నూరేళ్లు చూడాల్సిన పని లేదని చెప్పాడని గుర్తు చేశాడు.

“చెప్పినానప్పా,” అన్నాడు ప్రేమయ్య. “బండలకేం కాదని చెప్పినా. వాటి మీద ఎవురు నడుస్తారో ఆలోచన చేయల్యా. పెరికే పని నాది, దానికి మీరేమీ ఇయ్యబళ్లేదు.”

నాగార్జున భార్య వైపు చూశాడు, ఆమె వద్దంటుందని. ఆమె లోపలికి వెళ్లి, గుడ్డ మీద గీతలు పెట్టే సుద్దబిళ్ల తెచ్చింది. వాకిట్లో చెప్పులు వేసుకొని బండల మీదికి దిగి, మేస్త్రీ, యాడ పెరకాలో యాడ ఉంచాలో చెప్పు, నేను గీస్తా అంది. నాగార్జున కాసేపు నిలబడి, ఫోను చేతిలోకి తీసుకొని వీధి అరుగు మీదికి వెళ్లాడు. గని మనిషికి రావద్దని చెప్పడం లోపలికి వినపడింది.

రవిక గుడ్డ మీద మెడ, చంక, నడుము గీసినట్టే పద్మశ్రీ పెరడును గీసింది. తొట్టి దగ్గర గిన్నెలు తోముకోవడానికి, బట్టలు ఉతకడానికి నాలుగు వరుసల బండలు ఉండాలంది. వంటింటి మెట్టు నుంచి వెనక గేటు దాకా నడవడానికి ఒక వరుస. మిగిలిందంతా మట్టి. ప్రేమయ్య తన కర్రతో చూపించాడు. పొద్దున వెనక గోడ నీడ పడే ఈశాన్యం మూల కుక్కకు. అక్కడ పందిరి వేసి దొండతీగ పాకిస్తే వచ్చే ఏటికి నీడ నిండుతుంది, అప్పటిదాకా తాటాకు కప్పాలి. ఆ మూలకు అడ్డంగా బండలు నిలువునా పాతుతానన్నాడు. నేల మీద రెండున్నర అడుగులు.

“ఆ మాత్రం ఎత్తు కుక్క దూకేస్తాది కదప్పా,” అన్నాడు అప్పుడే తిరిగొచ్చిన నాగార్జున.

“దూకాల. అది ఎప్పుడంటే అప్పుడు దూకి లోపలికి పోవాల. పిల్లోడు ఎక్కకూడదు. నున్నటి బండ, కాలు పట్టడానికి సందు ఉండదు.”

గోడ కుక్కను ఆపడానికి అనుకున్న నాగార్జునకు ఆ మాట అర్థం కావడానికి కొంత సమయం పట్టింది.

పద్మశ్రీ మరో సంగతి పట్టుకుంది. తను కూర్చొని కుట్టే చోటి నుంచి పెరడు కనపడదు. మిషన్‌ను నడింట్లో నుంచి వెనక తలుపు పక్కకు మార్చుకుంటే, తల ఎత్తితే చాలు పెరడంతా కనపడుతుంది. అయినా తను ఉంటే తప్ప పిల్లవాడు ఒక్కడే కుక్క దగ్గరికి పోకూడదని, తలుపుకు పైన గడియ పెట్టించాలని అంది. వెనక గోడ వెంబడి ఉన్న ఎర్రగన్నేరు తీసేయమంది మల్లక్క. పిల్లలు ఆకు నోట్లో పెట్టుకున్నా, కుక్క నమిలినా విషమే. దాని బదులు బంతి, గోరింట పెట్టుకుందామంది.

అంతసేపూ మెట్టు మీద కూర్చొని వింటున్న చౌడేశ్వరిని ఎవరూ ఏమీ అడగలేదు. ఆ పిల్లే లేచి వచ్చి మేస్త్రీ లుంగీ అంచు పట్టుకుంది.

“మోతీకి ఒక కిటికీ పెట్టు తాతా,” అంది. “సందులో ఎవురన్నా పోతే దానికి ఇనపడతాది, కనపడదు. అందుకే అరుస్తాది.”

ప్రేమయ్య కుక్క పక్కన గొంతుక్కూర్చొని, దాని కన్ను ఎంత ఎత్తున ఉందో జానతో కొలిచాడు. వెనక ప్రహరీ మీద అదే ఎత్తులో పద్మశ్రీ సుద్దతో చిన్న చదరం గీసింది.

ఆ సాయంత్రం పశువుల డాక్టరు రాసిచ్చిన మందు తెచ్చి మల్లక్క మోతీ కాళ్లకు పూసింది. పందిరి తయారయ్యే దాకా కుక్కను పంచలో, ఆమె మంచం కోడుకు కట్టారు.

ఆదివారం ప్రేమయ్య, ఏసుమణి చర్చికి వెళ్లారు. సోమవారం తెల్లవారుతూనే వచ్చి బండలు పెరకడం మొదలుపెట్టారు. అంత గట్టిగా పరిచిన పని కాబట్టి అంత కష్టంగా వచ్చింది. సందు వెతికి ఉలి దించాలంటే ఉలి మొన పట్టదు. పది బండల్లో మూడు విరిగాయి. ఒక్కోటి టప్పుమని విరిగినప్పుడల్లా ఏసుమణి అతని మొహం చూసేది. రెండో రోజుకు అతను కూడా ఆ చప్పుడుకు ఆగడం మానేశాడు. బాగున్న బండల్ని నిలువునా పాతడానికి ఏరి పెట్టాడు. విరిగిన ముక్కలను పూలమొక్కల చుట్టూ అంచు కట్టాడు.

బండల కింద రెండేళ్లుగా గాలి తగలని మట్టి గట్టిపడి ఉంది. ఏసుమణి జానెడు లోతు తవ్వి గుల్ల చేసింది. పిల్లలకు ఆరడుగుల చదరాన ఏటి ఇసుక పోశారు. కుక్క దాన్ని పాడు చేయకుండా, ఆట అయిపోగానే కప్పడానికి పద్మశ్రీ పాత పరదా గుడ్డను నాలుగు మూలలా కుట్టి ఇచ్చింది. కుక్క మూలలో ఒక గంప మట్టి వదులుగా పోసి ఉంచమని మల్లక్క చెప్పింది. కుక్క తవ్వకుండా ఉండదు, తవ్వడానికి దానికొక చోటుంటే మొక్కల జోలికి పోదు. రాతి తొట్టిలో నీళ్లు నిలువుబండలకు లోపలివైపు పెట్టారు. నాగార్జున మొదటి రెండు రోజులు వచ్చి చూసి ఊరికే వెళ్లాడు. మూడో రోజు అంగడి నుంచి వస్తూ తాటాకుల కట్టలు తనే ఆటోలో వేయించుకొని వచ్చి, చొక్కా విప్పి పందిరి కట్టే దగ్గర నిలబడ్డాడు.

గోడకు పెట్టిన కిటికీ ఇటుక వెడల్పున ఉంది. సిమెంటు పచ్చిగా ఉండగానే చౌడేశ్వరి అందులో మొహం పెట్టి సందులోకి చూసొచ్చి, సరిగ్గా ఉందని చెప్పింది.

గురువారం పదిన్నరకు పని అయిపోయింది. ఏసుమణి మట్టి మీద నీళ్లు చల్లింది. పద్మశ్రీ పిల్లవాడి చెయ్యి పట్టుకొని మెట్టు మీద కూర్చుంది. మల్లక్క గొలుసు విప్పబోయింది.

“నేను విప్పుతాత్తా,” అంది పద్మశ్రీ. కొడుకును అత్తకు ఇచ్చి తనే పంచలోకి వెళ్లింది. కుక్క ఆమెను చూసి చెవులు వెనక్కి వాల్చింది. ఆమె కట్టె లేకుండా దాని దగ్గరికి పోయి పన్నెండు దినాలైంది. వంగి కొక్కెం తీసింది. గొలుసు నేల మీద పడింది.

మోతీ వెంటనే కదల్లేదు. తర్వాత మెల్లగా, ఇంకా మానని కాళ్లను చూసి చూసి వేస్తూ మట్టిలోకి దిగింది. ఇసుక వాసన చూసింది, గోరింట మొక్క దగ్గర కాలెత్తింది. ఆ రోజు బడికి సెలవని ఇంట్లోనే ఉన్న చౌడేశ్వరి పిలిస్తే వచ్చి ఆమె మోచేతికి మూతి రాసింది. పిల్లవాడు అవ్వ ఒళ్లోంచి జారి దాని తోక వైపు పరుగెత్తాడు. పద్మశ్రీ కదలబోయింది గానీ ఆమె అడుగు పడకముందే కుక్క పక్కకు తప్పుకొని, రెండంగల్లో నిలువుబండలు దూకి పందిరి కిందికి పోయింది. పిల్లవాడు బండకు పొట్ట ఆనించి, రెండు చేతులూ పైకి చాపి ఎక్కబోయాడు. జారాడు. మళ్లీ ఎక్కబోయాడు. అవతల కుక్క వదులు మట్టిలో రెండుసార్లు గుండ్రంగా తిరిగి పడుకుంది. వాడు కాసేపు ఏడ్చి, ఎవరూ ఎత్తుకోకపోయేసరికి ఇసుక దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

 పద్మశ్రీ వెనక తలుపు పక్కన మిషన్ ముందు కూర్చొని, ఆగిపోయిన రవిక చెయ్యి సూది కిందికి జరిపింది. నాలుగు కుట్లకోసారి తల ఎత్తుతూ కుట్టుకుంటోంది.

పనిముట్లు మూటకట్టి ప్రేమయ్య, ఏసుమణి బయటికి వచ్చారు. పన్నెండు కావస్తోంది. వీధిలో మనిషి లేడు. మొపెడ్‌కు ముందు గడ్డపార, వెనక బొచ్చె కట్టి అతను నాలుగిళ్ల దూరం నడిపి ఆపాడు. ఎందుకని ఏసుమణి అడిగింది. ఆ వీధిలోనే ఇంకా మూడిళ్ల పెరళ్లలో అతను బండలు పరిచాడు. ఎదురుగా ఉన్నది లక్ష్మన్న ఇల్లు. నాగార్జున పెరడు చూసే ఆయన పిలిపించుకున్నాడు. ఆ ఇంట్లో కోడలికి కవల పిల్లలు, ఇప్పుడిప్పుడే నడుస్తున్నారు.

ఏసుమణి అడగడం మానేసి మొపెడ్ దిగింది. ప్రేమయ్య తువ్వాలుతో మొహం తుడుచుకొని తలుపు కొట్టాడు. లోపల అన్నం తింటున్నట్టుంది, కాసేపటికి లక్ష్మన్న ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టుకొని వచ్చి తలుపు తీశాడు. మేస్త్రీని చూసి ఆశ్చర్యపోయాడు. పనేమీ చెప్పలేదే, ఎండలో వచ్చినావేందప్పా అన్నాడు.

“పని కాదులేన్నా,” అన్నాడు ప్రేమయ్య. “ఈ పొద్దప్పుడు మీ పెరడు ఎట్లుంటాదో నేనెప్పుడూ సూడల్యా. ఒక్కసారి లోపలికి రానీ.”